హైదరాబాదు వాస్తుశిల్పుల జీవితకోశం: పని డైరీ

జూన్

హైదరాబాదులో ఏ పాత కట్టడం గురించి అడిగినా కట్టించిన ప్రభువు పేరు వెంటనే వినిపిస్తుంది. దానికి నక్షా గీసిందెవరు, పని దగ్గర నిలబడి గోడలు లేపించిందెవరు, ఆ మనిషి ఈ ఊరికి రాకముందు ఎక్కడ పనిచేశాడు, ఇక్కడి కొలువు ముగిశాక ఎటు పోయాడు అన్న ప్రశ్నలకు జవాబులు మాత్రం ఫార్సీ, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కాగితాల్లో చెదిరిపోయి ఉన్నాయి. వాటిని ఒక్కచోటికి తెచ్చి, అకారాది క్రమంలో, వ్యక్తి వ్యక్తికీ ఒక నమోదుగా తెలుగులో కూర్చాలన్నది మేము తలపెట్టిన పని. మా బృందం చిన్నది. ఫార్సీ, ఉర్దూ దస్తావేజులు చదవగల ఒక పెద్దాయన, ఆర్కిటెక్చరు చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, రాసే బాధ్యత తీసుకున్న నేను.

మొదటి నెలంతా హద్దులు గీసుకోవడంతోనే సరిపోయింది. కాలానికి పై హద్దు తేలికగానే కుదిరింది. నగరం పుట్టిన 1591 నుంచి మొదలుపెట్టాము. కింది హద్దు దగ్గర చర్చ సాగింది. కట్టడం పూర్తయిన సంవత్సరాన్ని కొలతగా పెట్టుకుంటే నిజాం కాలంలో ఉద్యోగంలో చేరి, రాష్ట్రాల పునర్విభజన తర్వాత కూడా పనిచేసినవారి జీవితం మధ్యలో తెగిపోతుంది. అందువల్ల 1956కు ముందు నగరంలో పని మొదలుపెట్టినవారందరినీ చేర్చుకుని, వారి పనులను చివరిదాకా చెప్పాలని నిర్ణయించాము.

చోటుకు సంబంధించిన హద్దు మరికొంచెం కఠినంగా పెట్టుకున్నాము. ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌కు రూపకల్పన చేసింది ఎడ్విన్ లుట్యెన్స్. కట్టించింది ఏడవ నిజాము, పేరులో మన ఊరు ఉంది, అయినా ఆ భవనం ఢిల్లీది. కాబట్టి లుట్యెన్స్‌కు ఇక్కడ నమోదు ఉండదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య విషయంలో తీర్పు దీనికి ఎదురుగా వచ్చింది. ఆయన ఇంజనీరు, ఇక్కడ మహళ్ళేవీ కట్టలేదు. అయినా 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత ఆయన ఇచ్చిన సలహాలు లేకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కథా లేదు, ఆ తర్వాత మూసీ ఒడ్డున లేచిన కొత్త నగరం కథా లేదు. ఆయనను చేర్చాము. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, అంటే ఆరాయిష్-ఎ-బల్దా, ఇరుకు బస్తీలను తీసివేసి రోడ్లూ ఇళ్ళూ వేయించింది కనుక అందులో పనిచేసిన ఇంజనీర్లకూ తలుపు తెరిచి ఉంచాము.

జూలై

నమూనాగా ముందు ఒక నమోదు పూర్తిగా రాసి చూద్దామని విన్సెంట్ ఎష్‌ను ఎంచుకున్నాము. ఆయన జీవితరేఖ స్పష్టంగానే దొరుకుతుంది. 1876లో ఇంగ్లండులో పుట్టారు. కలకత్తా వచ్చి, విలియం ఎమర్సన్ రూపొందించిన విక్టోరియా మెమోరియల్‌కు పర్యవేక్షక వాస్తుశిల్పిగా పనిచేశారు. 1914 నుంచి 1921 దాకా నిజాం కొలువులో ఉన్నారు. కాచిగూడ రైల్వే స్టేషను, హైకోర్టు, సిటీ హైస్కూలు (నేటి సిటీ కాలేజీ), ఉస్మానియా ఆసుపత్రి ఆయన పేరుమీద ఉన్న నాలుగు పెద్ద పనులు. 1950లో మరణించారు. ఇంతవరకు రాయడానికి ఇబ్బంది లేదు.

ఇబ్బంది హైకోర్టు దగ్గర మొదలైంది. ఎష్ గురించి చెప్పేవారు దాన్ని ఎష్ కట్టడమంటారు. హైకోర్టు చరిత్ర చెప్పేవారు దాని నక్షాను జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ తయారుచేశారని, స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ దాన్ని అమలుచేశారని, చీఫ్ ఇంజనీరు మీర్జా అక్బర్ బేగ్ అని రాస్తారు. పని 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న పూర్తయింది. 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాము ప్రారంభించారు. తేదీలు ఇంత కచ్చితంగా ఉన్న కట్టడానికి కర్త ఎవరన్న విషయంలో మాత్రం రెండు సంప్రదాయాలు ఒకదాన్నొకటి పలకరించుకోకుండా పక్కపక్కనే నడుస్తున్నాయి.

విద్యార్థులలో ఒకరు ప్రసిద్ధుడి పేరే ఉంచి మిగిలినవి అడుగున చిన్న అక్షరాలలో పెడదామన్నారు. నాకు అది నచ్చలేదు. ఎష్ పేరు దేశం బయట కూడా తెలిసినది కావడానికి కారణం ఆయన పనితోపాటు, ఆయన గురించి ఇంగ్లీషులో రాసినవారు ఉండడం. శంకర్‌లాల్‌కు ఆ అదృష్టం లేదు. కోశం అనేది ఉన్న కీర్తిని మళ్ళీ అచ్చువేసే పనికే దిగితే మేము తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల కార్యాలయానికి వెళ్ళవలసిన అవసరమే లేదు.

కాబట్టి నమోదు నిర్మాణాన్నే మార్చాము. ప్రతి కట్టడం కింద "వాస్తుశిల్పి" అన్న ఒకే గడి ఉండదు. రూపకల్పన, స్థల నిర్ణయం, ఇంజనీరింగు బాధ్యత, నిర్మాణ పర్యవేక్షణ, గుత్త, ప్రోత్సాహం అని విడివిడి పాత్రలు ఉంటాయి. ఒక వ్యక్తి పేరు ఏ పాత్ర కింద వచ్చినా అలా పెట్టడానికి ఆధారం ఏమిటో, అది కట్టడం లేచిన కాలానిదా, తర్వాతిదా అన్నది పక్కనే గుర్తుతో చూపిస్తాము. హైకోర్టు కింద ఎష్, శంకర్‌లాల్, మెహర్ అలీ ఫాజిల్, మీర్జా అక్బర్ బేగ్ నలుగురికీ వేరువేరు నమోదులు వచ్చాయి. ఒకరి నుంచి మరొకరికి దారి చూపే సూచనలు పెట్టాము. చదివేవారికి కొంచెం శ్రమ పెరుగుతుంది. అది తప్పదు.

ఈ పద్ధతి వల్ల ఉస్మానియా ఆసుపత్రి సంగతి కూడా సర్దుకుంది. మూసీకి ఉత్తరపు ఒడ్డున, హైకోర్టుకు ఎదురుగా ఉన్న ఆ భవనం 1925 నాటికి పూర్తయింది. ఎష్ కొలువు ముగిసింది 1921లో. రూపకల్పన ఆయనది, చివరి ఏళ్ళ పర్యవేక్షణ ఇతరులది అని ఇప్పుడు ఒక్క వరుసలో చెప్పగలుగుతున్నాము.

ఆగస్టు

తేదీల నెల. నిజాం ప్రభుత్వపు మిసిళ్ళలోనూ, అంటే దస్త్రాల్లోనూ, ప్రభుత్వ గెజిట్ అయిన జరీదాలోనూ ఫస్లీ, అంటే రెవిన్యూ లెక్కల సంవత్సరమే ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ అనుకునేదే. సగం నిజం. హైదరాబాదు ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో అక్టోబరు మొదట్లో ఆరంభమవుతుంది. అందువల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా 591 కలపాలి. హైకోర్టు పని మొదలైన 1915 ఏప్రిల్ ఫస్లీ 1324లో, ఖుర్దాద్ నెలలో పడుతుంది. 590 కలిపినవారికి అది 1914 అవుతుంది. ఎష్ కొలువులో చేరిన ఏడాదే పునాది తీశారన్న పొరపాటు అభిప్రాయం ఇలాంటి లెక్కనుంచి పుట్టడానికి వీలుంది. నెల పేరు లేకుండా ఫస్లీ సంవత్సరం మాత్రమే ఉన్నచోట ఒకే క్రీస్తు సంవత్సరం వేయకుండా "1914–15" అని రెంటినీ ఇవ్వాలని నియమం పెట్టుకున్నాము. మూసీ వరద కూడా ఈ సరిహద్దు దగ్గరిదే. సెప్టెంబరు 28 అంటే ఫస్లీ 1317 చివరి నెల ఆబాన్‌లో పడుతుంది. వరద తర్వాతి ఉత్తర్వులు చాలావరకు 1318వి.

కుతుబ్‌షాహీ కాలానికి హిజ్రీ లెక్క. చార్మినార్ తేదీని "యా హాఫిజ్" అన్న మాటలో దాచారని చెబుతారు. అరబీ లిపిలో ఒక్కో అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. పెద్దాయన ఆ విలువలు కాగితంమీద వేసి చూపించారు. "యా"కు 11, "హాఫిజ్"లోని హే, అలిఫ్, ఫే, జోయ్‌లకు 8, 1, 80, 900. మొత్తం సరిగ్గా 1000. హిజ్రీ 1000 క్రీస్తు శకం 1591 అక్టోబరులో మొదలై 1592 అక్టోబరులో ముగుస్తుంది. పుస్తకాల్లో 1591, 1592 రెండూ కనిపించడానికి కారణం అదే. మేము "హి. 1000 (1591–92)" అని ఇస్తున్నాము. ఇతర తేదీలకూ మూల శకం ముందు, క్రీస్తు శకం కుండలీకరణంలో.

సెప్టెంబరు

పేర్ల వరుస. నిజాం కొలువులో బిరుదు వచ్చాక అసలు పేరు మరుగున పడుతుంది. నిజాంసాగర్ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ చదువుకునే నాటికి మీర్ అహ్మద్ అలీ. బిరుదుకు ముందరి మిసిళ్ళలో ఆ పేరే వెతకాలి. పైగా మీర్, మీర్జా, సయ్యద్, నవాబు అన్నవాటిని పేరులో భాగంగా లెక్కిస్తే కోశంలో మూడోవంతు "మ" దగ్గరా, "న" దగ్గరా పోగుపడుతుంది. అందరూ ఏ పేరుతో ఎరుగుదురో ఆ పేరే శీర్షికగా ఉంచి, గౌరవవాచకాలను వరుసలో లెక్కలోకి తీసుకోకుండా, పాత పేరు దగ్గర "చూడండి" అని సూచన ఇస్తున్నాము. మీర్ మోమిన్ ఒక్కరికే మినహాయింపు, ఎందుకంటే ఆయనను మోమిన్ అని ఎవరూ వెతకరు.

మీర్ మోమిన్ అస్తరాబాదీ నమోదు ఈ నెలే రాశాను. ఇరాన్‌లోని అస్తరాబాదు నుంచి వచ్చి, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యారు. నగర ప్రణాళికను ఆయనకు ఆపాదిస్తారు. నాలుగు దిక్కులకూ సాగే దారులు చార్మినార్ దగ్గర కలిసే ఆ ఏర్పాటులో ఇరాను నగరాల జ్ఞాపకం ఉందన్న వాదన చాలామంది చేసిందే. ఆయన మంత్రి, పండితుడు, కవి. కొలబద్ద పట్టిన మేస్త్రీ కాదు. మా పాత్రల పట్టికలో ఆయన పేరు "ప్రణాళిక" దగ్గర ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలలో ఆయనను చార్మినార్ ఆర్కిటెక్ట్ అని సూటిగా రాసేయడం నాకు తొందరపాటుగా కనిపిస్తుంది. ఆయన సమాధి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఆ శ్మశానవాటిక స్థలాన్ని ఆయనే ఏర్పాటుచేశారు.

మక్కా మసీదు దగ్గర మాకు అసలైన బహుమతి దొరికింది. 1617లో మహమ్మద్ కుతుబ్‌షా పునాది వేసిన ఈ మసీదు ఔరంగజేబు కాలంలో, 1694 ప్రాంతంలో పూర్తయింది. మొదట్లో పర్యవేక్షణ అప్పగించినవారిగా ఇద్దరి పేర్లు వినిపిస్తాయి. మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి. నాలుగు వందల ఏళ్ళ కిందటి హైదరాబాదు కట్టడాల చరిత్రలో ఒక తెలుగు పేరు, అదీ ప్రభువుగా కాకుండా పని చూసుకున్నవాడిగా నిలిచి ఉండడం అరుదు. రంగయ్య చౌదరి నమోదు కొన్ని వాక్యాలకు మించదు. అయినా దానికి విడిగా శీర్షిక ఇచ్చాను. పొడుగును బట్టి నమోదు విలువ కట్టే సంపాదకులతో ఈ విషయంలో వాదనకు సిద్ధం.

ఆ పని ఎంతటిదో టావెర్నియే రాతల్లో కనిపిస్తుంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆ వజ్రాల వర్తకుడు గోల్కొండ వచ్చేనాటికి మసీదు మొదలై యాభై ఏళ్ళయిందని రాశాడు. ప్రార్థనా గూటికి వాడిన ఒకే ఒక్క రాయిని గని నుంచి తొలచడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు పనిచేశారని, దాన్ని లాక్కురావడానికి 1,400 ఎద్దులు పట్టాయని కూడా రాశాడు. యాత్రికుల అంకెలను ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు గాని, పర్యవేక్షకుడి ఉద్యోగం అంటే ఏమిటో ఊహించడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. మనుషులు, పశువులు, మేత, కూలి, దారి, అన్నీ ఆయన లెక్కలోకే వస్తాయి.

మూసాఖాన్ మహల్దార్ కథ కూడా అక్కడిదే. మక్కా మసీదు పనిమీద ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ, అంటే చాలా చిన్న నాణెం, చొప్పున ఆయనకు ముట్టేదని, ఆ సొమ్ముతో 1671లో కార్వాన్ దారిలో తోలీ మసీదు కట్టించాడని, అందుకే దానికి దమ్డీ మసీదన్న పేరు వచ్చిందని చెబుతారు. కథ వరకు నిజమో కాదో పక్కన పెడితే, కట్టుబడి ఖర్చులో శాతం తీసుకునే పద్ధతిని జనం ఎంత సహజంగా చెప్పుకున్నారో గమనించాలి. నేటి ఆర్కిటెక్టు రుసుము లెక్క కూడా అలాంటిదే కదా అని మా విద్యార్థి నవ్వింది.

అక్టోబరు

రసెల్‌ల నెల. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని, అంటే తర్వాత మహిళా కళాశాల అయిన భవనాన్ని, నిజాం దర్బారులో రెసిడెంటు, అంటే బ్రిటిష్ ప్రతినిధి, అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ కోసం రూపొందించింది మద్రాసు ఇంజనీర్లకు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. తండ్రి జాన్ రసెల్ లండన్ రాయల్ అకాడమీలో రూపచిత్రకారుడు. 1800ల మొదటి దశాబ్దంలో రెసిడెన్సీలో పనిచేస్తూ, 1811లో రెసిడెంటు అయినవాడు హెన్రీ రసెల్. ఇద్దరికీ బంధుత్వం అంటగట్టేవారున్నారు. ఒకరి పనిని మరొకరికి రాసేవారూ ఉన్నారు. మీరాలం చెరువు గట్టు, ఇరవైయొక్క అర్ధచంద్రాకారపు కమానులను నీటివైపు పొట్టగా నిలబెట్టి కట్టిన ఆ అద్భుతం, ఇద్దరి పేర్ల మధ్య ఊగులాడుతోంది. ఇంటిపేరు మాత్రమే ఉన్న ఆధారాన్ని ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయకూడదని తీర్మానించి, గట్టును రెండు నమోదుల్లోనూ "ఆపాదన" గుర్తుతో చూపించాము. రెసిడెన్సీ మాత్రం నిస్సందేహంగా శామ్యూల్‌దే. ఎత్తయిన కొరింథియన్ స్తంభాల వరుస, మెట్ల పక్కన సింహాలు, పైన త్రికోణ ముఖభాగంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. కిర్క్‌ప్యాట్రిక్ 1805లోనే కలకత్తాలో కన్నుమూశాడు.

ఫలక్‌నుమా నమోదు త్వరగా ముగిసింది. 1884 మార్చి 3న పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా శంకుస్థాపన చేశారు. రూపశిల్పి విలియం వార్డ్ మారెట్, ఇంగ్లీషువాడు. కొన్ని పర్యాటక కరపత్రాలు ఆయనను ఇటలీవాడిని చేశాయి. భవనపు శైలిలోని ఇటలీ ఛాయ మనిషికి అంటుకున్నట్టుంది.

ఈ నెల ఛాయాచిత్రాలతో పని కూడా మొదలైంది. లాలా దీన్‌దయాళ్ మరణించింది 1905లో. ఒక భవనం ఆయన తీసిన చిత్రంలో ఉంటే అది అప్పటికి నిలబడి ఉన్నట్టే లెక్క. చిత్రంలోని పోర్టికో, పిట్టగోడ, కిటికీల వరుస నేటి భవనంలో వేరుగా ఉంటే ఆ మార్పు చిత్రం తీసిన తర్వాతి ఏ దశలోనో జరిగి ఉండాలి. అయితే ఆయన స్టూడియో పేరు తర్వాత కూడా కొనసాగింది కాబట్టి చిత్రం ఆయన చేతిదేనని తేలినచోటే ఈ లెక్క పనికొస్తుంది. దీన్‌దయాళ్ రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ప్రజాపనుల శాఖలో పనిచేసి, ఆ తర్వాత కెమెరా పట్టిన మనిషి. అందుకేనేమో ఆయన చిత్రాల్లో భవనపు గీతలు నిటారుగా, కొలతకు పనికొచ్చేలా ఉంటాయి. 1912–15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మునిసిపల్ సర్వే పటాలు రెండో సాక్షి. చిత్రానికీ పటానికీ మధ్య ఇరుక్కున్న కట్టడాల తేదీని చాలా దగ్గరగా బిగించవచ్చు.

నవంబరు

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల. పాత్రల పట్టిక అవసరమేమిటో అడిగేవారికి ఇకమీద దీన్నే చూపిస్తాను. స్థలం ఎంపికలో నగర ప్రణాళికా నిపుణుడు పాట్రిక్ గెడ్డెస్ సలహా ఉంది. విశ్వవిద్యాలయాలు ఎలా కడుతున్నారో చూసి రావడానికి ఇంజనీరు సయ్యద్ అలీ రజా, వాస్తుశిల్పి జైన్ యార్ జంగ్ విదేశాలు తిరిగారు. ఈజిప్టులో వారికి తటస్థపడినవాడు ఎర్నెస్ట్ జాస్పార్. 1876లో బెల్జియంలో పుట్టిన ఈ శిల్పి కైరో పక్కన హీలియోపొలిస్ అనే కొత్త పట్టణానికి పనిచేశాడు. 1910లో తెరిచిన హీలియోపొలిస్ ప్యాలెస్ హోటలు ఆయనదే. హైదరాబాదుకు వచ్చాక అజంతా, ఎల్లోరా, బీదరు చూసి, అక్కడి స్తంభాలనూ ఇక్కడి కమానులనూ ఒకే ముఖద్వారంలో కలిపాడు. కళాశాలకు 1934 జూలై 5న పునాది పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. కట్టుబడి సాగిన ఏళ్ళలో బాధ్యత జైన్ యార్ జంగ్ మీద ఉంది. జాస్పార్ 1940లో చనిపోయాడు.

జైన్ యార్ జంగ్ నమోదులో ఒక సంపాదకీయ చిక్కు వచ్చింది. 1948లో ఆయన ఢిల్లీలో హైదరాబాదు ఏజెంట్ జనరల్. ఆ సంవత్సరపు రాజకీయం అంత పెద్దది కాబట్టి దాన్ని ముందు పెడితే మిగిలిన జీవితం దాని నీడలోకి పోతుంది. ఈ కోశంలో కట్టుబడి పనులే ముందు వరుస, పదవులు తర్వాత. ఆయన విషయంలోనూ అదే పాటించాను. ఏజెంట్ జనరల్ ఉద్యోగానికి రెండు వాక్యాలు ఇచ్చాను.

డిసెంబరు

పనివారి ప్రశ్న ఇంతకాలం వాయిదా పడుతూ వచ్చింది. రాయి కొట్టిన వడ్డెరలకూ, గానుగలో డంగుసున్నం నూరినవారికీ, గచ్చు పూతలో తీగలూ పూలూ తీర్చినవారికీ పేర్లు రాసిన కాగితాలు అరుదు. పేరు లేని మనిషికి జీవితకోశంలో శీర్షిక పెట్టలేము. పెద్దాయన సూచన ప్రకారం వ్యక్తుల నమోదుల మధ్యనే, అకారాది క్రమంలోనే, పనుల పేరుమీద కొన్ని ఉమ్మడి నమోదులు చేరుస్తున్నాము. "గచ్చుపని" అందులో మొదటిది. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు ఎందుకు కలుపుతారో, కుతుబ్‌షాహీ సమాధుల ఇటీవలి మరమ్మతుల్లో ఆ పాత పద్ధతిని మళ్ళీ ఎలా వాడారో అందులో ఉంటుంది. పుస్తకం చివర అనుబంధంగా వేద్దామన్న ప్రతిపాదనను నేను ఒప్పుకోలేదు. అనుబంధాలు ఎవరూ చదవరు.

మహమ్మద్ ఫయాజుద్దీన్ నమోదు ప్రస్తుతం బల్లమీద ఉంది. నిజాం కాలంలో వృత్తి మొదలుపెట్టి, రవీంద్రుని శతజయంతి సందర్భంగా 1961లో వచ్చిన రవీంద్రభారతికి రూపకల్పన చేసిన శిల్పి. జూన్‌లో పెట్టుకున్న కాలపు హద్దు ఈయనలాంటి వారి కోసమే. గుమ్మటాల నుంచి కాంక్రీటు దాకా వచ్చిన తరం కావడంతో ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆధారాల రకమే మారిపోతోంది. ఫార్సీ మిసిళ్ళ స్థానంలో టైపు చేసిన ఇంగ్లీషు ఫైళ్ళు, సంతకంతో కూడిన బ్లూప్రింట్లు వస్తున్నాయి. సంతకం గీసినవారిదా, ఆమోదించిన అధికారిదా అన్నది ప్రతి కాగితం మీదా విడిగా చూసుకోవాలి. డ్రాఫ్ట్స్‌మన్ పొడి అక్షరాలు సాధారణంగా నక్షా కింది కుడిమూలన ఉంటాయి. వాటికి కూడా పట్టికలో ఒక వరుస తెరిచాము. జనవరిలో పెద్దాయన తామీరాత్, అంటే ప్రజాపనుల శాఖ, పాత ఉద్యోగుల జాబితాలతో ఆ పొడి అక్షరాలను సరిచూడడం మొదలుపెడతారు. నేను కాచిగూడ స్టేషను దగ్గర ఆగిపోయిన రైల్వే ఇంజనీర్ల నమోదులకు తిరిగి వెళ్తాను.